దేహదానం: కార్డు పర్సులో ఉంటే సరిపోదు

మా నాన్న దేహదానం కార్డు పదకొండేళ్లు ఆయన పర్సులోనే ఉంది. పింఛను కాగితాల కంటే దాన్నే భద్రంగా చూసుకునేవారు. లామినేషన్ అంచులు పసుపురంగుకు తిరిగినా లోపల సంతకం చెక్కుచెదరలేదు. 2016లో భోగి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు, తెనాలిలో మా ఇంట్లో ఆయన పోయారు. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ నంబరు ఉపయోగంలో లేదని వినిపించింది. బయట పిల్లలు భోగి మంట వేస్తున్నారు.

ఆ కార్డు ఇచ్చిన మెడికల్ కాలేజీ పేరు చెప్పను. నాన్న పోస్టుమాస్టరుగా చేసిన ఊరికి దగ్గర్లోది, మాకు చాలా దూరం. ఎలాగో ఇంకో నంబరు పట్టుకుంటే వాచ్‌మన్ ఎత్తి, "డిపార్ట్‌మెంటుకు తాళం వేశారమ్మా, కనుమ వెళ్లాక రండి" అన్నాడు. ఫ్రీజర్ బాక్స్ తెప్పించాం. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, "ఇక చాల్లే, దహనం చేసేద్దాం" అనడం మొదలుపెట్టారు. చివరికి మా మేనత్త కొడుక్కి తెలిసిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పుణ్యమా అని మరో కాలేజీ ఒప్పుకుంది. పండగ పూట అటెండరును ఇంటి నుంచి పిలిపించి సాయంత్రం అయిదున్నరకు తీసుకున్నారు. అప్పటికి పదమూడు గంటలు. ఎండాకాలం అయితే నాన్న కోరిక తీరేది కాదు.

2023లో అమ్మ పోయినప్పుడు మొత్తం పని అయిదు గంటల్లో అయిపోయింది. ఈ రెండు రోజుల మధ్య నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని, అయినా ఇందులో సగం నాకు తెలియదు.

ముందు ఏ దానమో తేల్చుకోండి

మనవాళ్లు అవయవదానం, నేత్రదానం, దేహదానం మూడింటినీ ఒకే గంపలో వేస్తారు. అవయవాలకూ కళ్లకూ చట్టం ఒకటే, దేహదానానికి వేరు. గడియారాలు మాత్రం మూడింటికీ వేరు.

గుండె, కాలేయం, కిడ్నీలు ఇవ్వాలంటే మనిషి ఆసుపత్రిలో, ఐసీయూలో, బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. గుండె ఇంకా కొట్టుకుంటూ, వెంటిలేటర్ మీద ఉండగానే ఆ నిర్ణయం జరుగుతుంది. నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి సంతకాలు పెట్టాలి. ఇది 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం పెట్టిన పద్ధతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో అలాంటి చట్టమే సొంతంగా చేసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆ అవయవాలు ఎవరికి వెళ్లాలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం చూస్తుంది. ఇంట్లో నిద్రలో పోయిన పెద్దాయన కిడ్నీలు ఇస్తామని ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్లను చూశాను. మనసు మంచిదే, కానీ రక్తం ఆగిపోయాక ఆ కిడ్నీలు ఎవరికీ పనికిరావు.

కళ్లు అలా కాదు. ఇంట్లో పోయినా ఇవ్వవచ్చు, కాకపోతే ఆరు గంటల్లోపు తీయాలి. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు అందరూ ఇవ్వవచ్చు. ఐ బ్యాంకు నుంచి మనిషి వచ్చేలోగా ఫ్యాన్ ఆపేయండి, రెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. మన ఇళ్లలో మనిషి పోగానే ఎవరో ఒకరు ఫ్యాన్ ఫుల్‌లో పెడతారు. ఆ గాలికి నల్లగుడ్డు మీది పొర ఎండిపోతుంది. అమ్మ పోయినప్పుడు నేను మొదట చేసిన పని స్విచ్చు కట్టేయడం.

దేహదానం ఈ రెండూ కాదు. మొత్తం దేహాన్ని మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంటుకు ఇవ్వడం, ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు దాని మీద నేర్చుకోవడం. కళ్లు ఇచ్చిన దేహాన్ని మామూలుగా కాలేజీలు తీసుకుంటాయి. అవయవాలు తీసిన దేహాన్ని సాధారణంగా తీసుకోవు. కారణం సులువే: దేహం చెడకుండా ఉండాలంటే రక్తనాళాల్లోంచి ఫార్మలిన్ ద్రావణం ఒళ్లంతా పాకాలి. నాళాలు తెగిపోతే అది పాకదు. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని కూడా అందుకే వద్దంటారు. కాబట్టి రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే దేహదానం ఆశ వదులుకోవాల్సిందే. హెచ్ఐవీ, హెపటైటిస్, ముదిరిన ఇన్ఫెక్షన్లు, ఒళ్లంతా పుండ్లు ఉన్నా తిప్పి పంపుతారు. అందుకే మా ఇంట్లో వరస పెట్టుకున్నాం: ఐసీయూలో అయితే అవయవాలు, కాకపోతే కళ్లూ దేహమూ, దేహం వద్దంటే కళ్లు, ఏదీ కుదరకపోతే మామూలు దహనం. ఇలా ముందే అనుకుంటే తిప్పి పంపినా అవమానంగా అనిపించదు.

చట్టం ఏమంటుంది

విల్లులో రాశాను, అయిపోయింది అనుకునేవాళ్లు ఎక్కువ. ఇల్లూ పొలమూ లాగా దేహం ఆస్తి కాదు, విల్లులో రాసి ఒకరికి దఖలు చేయడానికి. పైగా మన ఇళ్లలో విల్లు తీసేది పదకొండో రోజు దాటాకే. అప్పటికి బూడిద కృష్ణలో కలిసిపోయి ఉంటుంది.

దేహదానానికి ఆధారం రాష్ట్రాల అనాటమీ చట్టాలు. కాలేజీ ఇచ్చే ఫారంలో మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటాయి. సాక్షుల్లో ఒకరైనా దగ్గరి బంధువు ఉండాలని అడుగుతారు. స్టాంపు పేపరు, నోటరీ సంగతి కాలేజీని బట్టి మారుతుంది. మనసు మారితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అసలు కిటుకు ఏమిటంటే, మీరు పోయాక దేహం మీ దగ్గరివాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు తీసుకొచ్చి, మళ్లీ ఒక అంగీకార పత్రం మీద సంతకం పెట్టి అప్పగిస్తేనే కాలేజీ తీసుకుంటుంది. కార్డు చూపించి బలవంతంగా తీసుకెళ్లడానికి ఎవరూ రారు. మీరు ఫారం నింపకుండా పోయినా, మీ కోరిక తెలిసిన పిల్లలు ఇవ్వవచ్చు. నాన్న విషయంలో జరిగింది దాదాపు అదే. ఆయన కార్డు ఒక కాలేజీది, తీసుకున్నది ఇంకొకటి.

పిల్లలు గొడవపడితే ఎలా ఉంటుందో కేరళలో చూశాం. సీపీఎం సీనియర్ నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో పోయారు. దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వమని ఆయన నోటిమాటగా చెప్పారని కొడుకు అన్నాడు, సాక్షులు కూడా చెప్పారు. చర్చిలో ఖననం చేయాలని కూతురు కోర్టుకు వెళ్లింది. చివరి జబ్బులో ఇద్దరు సాక్షుల ముందు నోటితో చెప్పినా చెల్లుతుందని అక్కడి అనాటమీ చట్టంలో ఉంది. హైకోర్టు దానం వైపే తీర్పిచ్చింది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆమె అప్పీలును కొట్టేసింది. అన్ని నెలలూ ఆ పెద్దాయన దేహం మార్చురీలోనే ఉంది. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని నేను అనను. తొంభై అయిదేళ్లు బతికిన మనిషి ఆ మాటను నలుగురినీ కూర్చోబెట్టి ఒక పేజీ మీద రాయించి ఉంటే బాగుండేది. లారెన్స్ పోయిన నెలలోనే మన సీతారాం ఏచూరి కూడా పోయారు, ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. అక్కడ ఇంట్లో అందరిదీ ఒకే మాట, గొడవే లేదు.

డబ్బు సంగతి ఒక్క మాట. ఇచ్చినందుకు ఎవరూ పైసా ఇవ్వరు, మీరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అంబులెన్సు ఖర్చు కొన్ని కాలేజీలు భరిస్తాయి, కొన్ని భరించవు. అంతకు మించి ఎవరైనా డబ్బు మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి రండి.

కాలేజీకి వెళ్లి అడగండి

ఇంటికి దగ్గర్లో ఉన్న కాలేజీని ఎంచుకోండి. పుట్టిన ఊరు, చదివిన ఊరు అనే మమకారాలు పక్కన పెట్టండి. వీలైతే రెండో కాలేజీని కూడా అనుకుని ఉంచండి. ఫారం ఇంటర్నెట్‌లో దొరికినా ఒక్కసారి స్వయంగా వెళ్లండి. అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. డిపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటేనే ఫార్మలిన్ ఘాటు ముక్కుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "మీ నాన్న ఈ వాసనలో ఎలా ఉన్నారో" అంది. హెచ్ఓడీ మేడం నవ్వకుండా, "మొదటి నెల మా పిల్లలకూ ఇలాగే ఉంటుందమ్మా" అంది.

ఆ రోజు అడిగినవి ఇవి: ఆదివారం, పండగ, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఎన్ని గంటల్లోపు తేవాలి? ఫ్రీజర్ బాక్స్‌లో పెడితే ఎంతసేపు ఆగవచ్చు? మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, వాడు వచ్చేదాకా మీ మార్చురీలో పెడతారా? పని అయిపోయాక ఏం చేస్తారు, ఎముకలు ఉంచుకుంటారా, మిగిలింది దహనం చేస్తారా, మాకు కబురు పెడతారా? ఇక్కడ కాకుండా ఇంకో కాలేజీకి పంపే అవకాశం ఉందా? పిల్లలు ఫోన్లతో ఫోటోలు తీస్తారా? ఆఖరి ప్రశ్నకు మేడం, డిసెక్షన్ హాల్లోకి ఫోన్లు రానివ్వమని, మొదటి రోజే పిల్లల చేత దేహం ముందు ప్రమాణం చేయిస్తామని చెప్పింది. 2019లో కొత్త ఎంబీబీఎస్ సిలబస్ వచ్చినప్పుడు, మృతదేహమే మన మొదటి గురువు అని ఒక పాఠమే పెట్టారట. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట దేహం ఇవ్వకండి. అడగడం మీ హక్కు.

చాలామంది ఇక్కడ దధీచి కథ ఎత్తుకుంటారు. నాకు దధీచి కంటే అనాథ శవం గురించి మాట్లాడటం ఇష్టం. ఇన్నేళ్లూ మన డాక్టర్లు నేర్చుకున్నది ఎక్కువగా రైల్వే స్టేషన్ల దగ్గర, ధర్మాసుపత్రుల్లో పోయిన, ఎవరూ రాని మనుషుల మీద. వాళ్లనెవరూ అడగలేదు. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు కలిసి మనుషుల్ని చంపి శవాలను అనాటమీ డాక్టరుకు అమ్మారు. ఆ గగ్గోలు తర్వాత బ్రిటన్‌లో 1832లో వచ్చిన చట్టం, ఎవరూ అడగని పేదల దేహాలను కాలేజీలకు ఇవ్వడానికి దారి తెరిచింది. మన రాష్ట్రాల చట్టాలకు మూలం అదే. తెలిసి, ఒప్పుకుని ఇచ్చే ఒక్కో దేహంతో ఆ అడగని పని ఒక్కటి తగ్గుతుంది. నాన్న నాస్తికుడేమీ కాదు, రోజూ సంధ్యావందనం చేసేవారు. ఆయన్ను ఒప్పించింది ఈ లెక్కే.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ కాకినాడలో ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ అనే ఇంగ్లండు జీవశాస్త్రవేత్త మన దేశానికి వచ్చేసి పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వమని రాసిపెట్టాడు, అలాగే తెచ్చారు. ఆ విల్లులో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది: వీలైతే దేహాన్ని చల్లగా ఉంచాలి, తన ఆస్తిలోంచి మొదటి ఖర్చు దానికే పెట్టాలి అన్నాడు. అంత పెద్ద సైంటిస్టు ఐసు ఖర్చు దగ్గర ఆలోచించాడు చూడండి. భోగి రోజు ఫ్రీజర్ బాక్స్ కోసం ఊరంతా తిరిగినదాన్ని కాబట్టి నాకు ఆయన మీద గురి.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం

ఇదే అన్నిటికంటే కష్టం, ఇదే అందరూ వాయిదా వేసేది. భార్యకో భర్తకో చెప్తే సరిపోదు. ఆ రోజు ఇంట్లో గట్టిగా మాట్లాడేది ఎవరో వాళ్లకు చెప్పాలి. మా ఇంట్లో అది బాబాయి. నాన్న పోయినప్పుడు బాబాయి వాకిట్లో కూర్చుని, "కొడుకు చేత తలకొరివి పెట్టించుకోకుండా ఏం పోకడే ఇది" అని అందరి ముందూ ఏడ్చారు. ఆయన్ను తప్పుపట్టలేను, అన్న కోరిక సంగతి ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అమ్మ విషయంలో మూడేళ్ల ముందే బాబాయినీ, మా పురోహితుడినీ ఒకే రోజు భోజనానికి పిలిచాను. పంతులుగారు తేలిగ్గా తేల్చేశారు: "దేహం దొరకని మరణాలు మనకు కొత్తా అమ్మా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తాను. మిగతా కర్మంతా మామూలే." బాబాయి మజ్జిగ అన్నం తినేదాకా ఏమీ అనలేదు. చేయి కడుక్కుంటూ, "సరే, వదిన ఇష్టం" అన్నారు. అమ్మ ఫారంలో రెండో సాక్షి సంతకం ఆయనదే.

మీ ఇంట్లో పూజారి బదులు పాస్టరుగారో ఇమాంగారో ఉండవచ్చు, వాళ్లు ఒప్పుకోకపోనూ వచ్చు. ఏదైనా బతికుండగానే తేలాలి. విదేశాల్లో ఉన్న పిల్లలతో ఇంకో మాట కూడా అనుకోవాలి: వాళ్లకోసం ఆగాలా, వద్దా. మా తమ్ముడు, "నేను వచ్చేదాకా ఆపొద్దక్కా, వీడియోలో చూస్తాను" అని ముందే చెప్పాడు. అది చెప్పడానికి వాడికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఆ రోజు

అమ్మ ఉదయం ఆరున్నరకు పోయింది. ఫ్యాన్ కట్టేసి ఐ బ్యాంకుకు, కాలేజీకి, మా డాక్టరుగారికి వరసగా ఫోన్లు చేశాను. డాక్టరు సర్టిఫికెట్ లేకుండా ఏ కాలేజీ దేహాన్ని ముట్టుకోదు. ఆసుపత్రిలో పోతే వాళ్లే ఇస్తారు. ఇంట్లో పోతే, చివరి రోజుల్లో చూసిన డాక్టరు మరణ కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచాను కాబట్టి చెప్పులైనా సరిగా వేసుకోకుండా వచ్చారు. ఐ బ్యాంకు కుర్రాడు ఎనిమిదింటికి వచ్చి ఇరవై నిమిషాల్లో పని ముగించాడు. కళ్లు మూసుకుని పడుకున్నట్టే ఉంది, తేడా కనిపించలేదు.

ఒక ప్లాస్టిక్ కవరులో డాక్టరు సర్టిఫికెట్, అమ్మ ఆధారు, నా ఆధారు, జిరాక్సులు, ఫోటోలు, దానం ఫారం, ఐ బ్యాంకు ఇచ్చిన కాగితం పెట్టుకున్నాం. స్నానం చేయించాం, పూలు వేశాం, బియ్యం నోట్లో వేశాం. వీటికి కాలేజీ అభ్యంతరం చెప్పదు, వాళ్లను అడిగి మరీ చేశాను. పదిన్నరకు బయలుదేరాం.

డిపార్ట్‌మెంటులో అటెండరు యాభై దాటిన మనిషి. రిజిస్టరు తెరిచి పేరు, వయసు, తెచ్చినవాళ్ల పేరు, టైము రాసుకున్నాడు. నగలు ఏమైనా ఉంటే తీసేయమన్నాడు. గాజులు ఇంట్లోనే తీశాను, ముక్కుపుడక మర్చిపోయాను. నలభై ఏళ్లుగా తీయని మర అది. నేను లాగబోతే, "ఆగండమ్మా, చీలుతుంది" అని లోపలికి వెళ్లి కాస్త కొబ్బరినూనె తెచ్చాడు. రెండు చుక్కలు వేసి, ముక్కుకు దగ్గరగా చెవి వంచి మర చప్పుడు వినిపిస్తుందా అన్నట్టు చూస్తూ మెల్లగా తిప్పాడు. అయిదు నిమిషాలు పట్టింది. దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, తీసినట్టు రిజిస్టరులో ఒక లైను రాయించి సంతకం తీసుకున్నాడు. మీరు మాత్రం ఇవన్నీ ఇంట్లోనే చూసుకోండి, పెట్టుడు పళ్లతో సహా.

తర్వాత ఏం చేస్తారని అడిగాను. తొడ మొదట్లో చిన్న గాటు పెట్టి, పెద్ద రక్తనాళంలోకి ట్యూబు ద్వారా పది లీటర్ల దాకా మందు ఎక్కిస్తామని చెప్పాడు. నేను పాఠం చెప్పిన రక్తనాళమే అది. బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. చీర తిరిగి ఇస్తారు, కావాలో వద్దో ముందే అనుకోండి. నేను తీసుకున్నాను.

దేహం అందినట్టు కాలేజీ లెటరుహెడ్ మీద రసీదు ఇస్తారు. దాన్ని మాత్రం నాలుగు జిరాక్సులు తీయించండి. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టరు చేయించాలి. మా వార్డు సచివాలయంలో అమ్మాయి శ్మశానం రసీదు ఏదని అడిగింది. ఈ లెటరు ఇచ్చాక లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి తీసుకుంది. బ్యాంకులో, పింఛను ఆఫీసులో మాత్రం మరణ ధ్రువీకరణ పత్రం ఒక్కటే సరిపోయింది.

నా ఫారం కిందటేడు నింపాను. సాక్షులు మా అమ్మాయి, మా పక్కింటి వదినగారు. కాలేజీ నంబర్లు రెండు, ఐ బ్యాంకు నంబరు, డాక్టరుగారిది ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. పండగ ముందల్లా ఆ నంబర్లకు ఒకసారి ఫోన్ చేసి చూస్తాను. మొన్న సంక్రాంతికి చేస్తే కొత్త గొంతు ఎత్తింది. "ఎవరు పోయారమ్మా?" అని కంగారుగా అడిగాడు.

"ఎవరూ పోలేదు బాబూ, నంబరు పనిచేస్తుందో లేదో చూస్తున్నా" అన్నాను.